ఎక్స్‌పాండరా, నేరుగా ఇంప్లాంటా? రొమ్ము పునర్నిర్మాణంలో ఒక నిర్ణయం

8.1 పరిచయం

రొమ్ము క్యాన్సర్‌ను ఎలా గుర్తిస్తారో, మాస్టెక్టమీ అంటే ఏమిటో గత యూనిట్‌లో చదివారు. రొమ్మును తొలగించిన తరువాత ఆ స్థానంలో తిరిగి రొమ్ము ఆకారాన్ని కల్పించే శస్త్రచికిత్సను రొమ్ము పునర్నిర్మాణం అంటారు. అందులో ఎదురయ్యే ఒక నిర్ణయాన్ని మాత్రమే ఈ యూనిట్‌లో వివరంగా పరిశీలిద్దాం. ఇంప్లాంటును ఒకే ఆపరేషన్‌లో నేరుగా అమర్చుకోవడమా, లేక ముందు టిష్యూ ఎక్స్‌పాండర్ అమర్చుకుని, చర్మాన్ని నెమ్మదిగా సాగదీసి, రెండో ఆపరేషన్‌లో ఇంప్లాంటు పెట్టించుకోవడమా అన్నదే ఆ నిర్ణయం.

ఇంత చిన్న విషయానికి ఒక యూనిట్ అంతా ఎందుకు అని మీకు అనిపించవచ్చు. మనదేశంలో 2022లో కొత్తగా రొమ్ము క్యాన్సర్ బారిన పడినవారు లక్షా తొంభై వేలకు పైగా ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా వేసింది. మహిళల్లో వచ్చే క్యాన్సర్లలో ఇదే మొదటి స్థానంలో ఉంది. అమ్మకో, పిన్నికో, వదినకో ఈ జబ్బు వచ్చిందని తెలిసిన రోజున రిపోర్టులు పట్టుకుని డాక్టరు గదిలోకి వెళ్లేది ఇంట్లో చదువుకుంటున్న మీరే కావచ్చు. జబ్బు నిర్ధారణకు, ఆపరేషన్‌కు మధ్య చాలాసార్లు రెండు మూడు వారాలే ఉంటాయి. భయంతో, పరీక్షలతో, డబ్బు సర్దుబాటుతో ఆ వారాలు ఇట్టే గడిచిపోతాయి. పునర్నిర్మాణం గురించిన మాట ఆపరేషన్‌కు ముందురోజు సంతకాల వేళ వస్తే, ఆలోచించుకునే వ్యవధి ఎవరికీ ఉండదు.

ఈ యూనిట్ చదివిన తరువాత ఎక్స్‌పాండర్ ఎలా పనిచేస్తుందో మీ సొంత మాటల్లో చెప్పగలగాలి. ఎవరికి ఒకే దశ సరిపోతుందో, ఎవరికి రెండు దశలు మేలో కారణాలతో వివరించగలగాలి. రోగి తరఫున డాక్టరును ఏమేమి అడగాలో తెలుసుకోవాలి. ఏ ఒక్క రోగికి ఏది తగినదో తేల్చవలసింది మాత్రం ఆమె, ఆమెను పరీక్షించిన శస్త్రవైద్యులే.

8.2 ప్రశ్నలోనే ఉన్న పొరపాటు

"ఎక్స్‌పాండర్ మంచిదా, ఇంప్లాంట్ మంచిదా?" అని చాలామంది అడుగుతారు. ఈ ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది. ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కావు. ఇంటికి స్లాబు వేసేముందు సెంట్రింగ్ కొడతారు గదా. స్లాబు గట్టిపడ్డాక సెంట్రింగ్ విప్పేస్తారు. అది ఇంట్లో ఉండిపోయేది కాదు, కానీ అది లేకుండా స్లాబు నిలవదు. ఎక్స్‌పాండర్ కూడా అలాంటిదే. అది తాత్కాలికమైనది, కొన్ని నెలలు లోపల ఉండి, చర్మంలో చోటు కల్పించి, ఇంప్లాంటుకు ఆ చోటు అప్పగించి బయటికి వచ్చేస్తుంది. ఇంప్లాంటు మాత్రం ఏళ్ల తరబడి ఉండడానికి పెట్టేది. కాబట్టి అసలు ప్రశ్న ఇలా ఉండాలి: "ఈమెకు సెంట్రింగ్ అవసరమా, లేకుండానే పని జరుగుతుందా?"

ఇంకో రెండు దారులు కూడా ఉన్నాయని మరిచిపోకూడదు. పొట్ట నుంచి గాని, వీపు నుంచి గాని చర్మం, కొవ్వు, కొన్నిసార్లు కండరం తీసుకువచ్చి రొమ్మును నిర్మించడం ఒకటి. దీనిని ఫ్లాప్ పద్ధతి అంటారు. ఆపరేషన్ పెద్దది, కోలుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది. కానీ వచ్చేది సొంత కణజాలమే కనుక బయటి వస్తువుతో వచ్చే చిక్కులు ఉండవు. దీని గురించి వచ్చే యూనిట్‌లో చదువుతారు. రెండోది, పునర్నిర్మాణం వద్దనుకోవడం. ఛాతీని చదునుగా కుట్టించుకుని, కావాలనుకున్నప్పుడు సిలికాన్‌తోనో నూలుతోనో చేసిన కృత్రిమ రొమ్మును లోదుస్తుల్లో పెట్టుకునే మహిళలు ఎందరో ఉన్నారు. అది ఓడిపోవడం కాదు. అలాగే యాభై ఏళ్ల మనిషి రొమ్ము కావాలని కోరుకుంటే "ఈ వయసులో ఎందుకు?" అని ఎదుటివాళ్లు అనడం కూడా తగదు. ఈ రెండు మాటలూ మన ఇళ్లలో తరచుగా వినిపిస్తాయి గనుక ఇక్కడ చెప్పవలసి వచ్చింది.

8.3 చర్మం ఎలా సాగుతుంది?

పాతతరం అవ్వల చెవితమ్మెలు బరువైన కమ్మలకు సాగి కిందికి దిగడం మీరు చూసే ఉంటారు. గర్భిణి పొట్ట మీది చర్మం తొమ్మిది నెలల్లో ఎంత పెరుగుతుందో మీకు తెలుసు. ఒత్తిడి హఠాత్తుగా పడితే చర్మం చిరుగుతుంది. అదే ఒత్తిడి కొంచెం కొంచెంగా, చాలా రోజులపాటు పడితే చర్మం పెరుగుతుంది. మొదట చర్మంలోని కొల్లాజెన్ పోగులు ఒత్తిడి దిశలో సర్దుకుని కొంత చోటిస్తాయి. తరువాత కణవిభజన వేగం పుంజుకుని నిజంగానే కొత్త చర్మం తయారవుతుంది. బాహ్యచర్మం కాస్త మందమవుతుంది, దాని కింది అంతశ్చర్మం పలచబడుతుంది. రక్తనాళాలు కూడా పెరుగుతాయి.

ఈ సూత్రాన్ని వైద్యంలో వాడుకోవచ్చునని 1957లో అమెరికా వైద్యుడు చార్లెస్ న్యూమన్ చూపించాడు. చెవిని తిరిగి నిర్మించడానికి చర్మం కావలసివచ్చి, ఆయన చర్మం కింద ఒక బుడగను ఉంచి క్రమంగా ఉబ్బించాడు. ఆ ఆలోచన చాలాకాలం అక్కడే ఆగిపోయింది. 1970లలో చెడొమిర్ రాడోవాన్ అనే శస్త్రవైద్యుడు సిలికాన్‌తో ఎక్స్‌పాండర్ తయారుచేసి, మాస్టెక్టమీ చేయించుకున్న మహిళల్లో వాడాడు. తన అనుభవాన్ని 1982లో ప్రచురించాడు. ఈనాడు వాడుతున్న ఎక్స్‌పాండర్లు ఆ మార్గంలోనివే.

ఎక్స్‌పాండర్ అంటే గాలి తీసిన బంతిలాంటి సిలికాన్ సంచి. దానికి ఒకవైపు సూది గుచ్చడానికి వీలైన చిన్న ద్వారం ఉంటుంది. దీనిని పోర్టు అంటారు. రొమ్మును తొలగించిన తరువాత ఈ సంచిని ఛాతీ కండరం కింద గాని, కండరం పైన చర్మం కింద గాని అమర్చుతారు. చర్మం తట్టుకోగలిగినంత మేరకు అప్పుడే కొంత సెలైన్ నింపి కుట్లు వేస్తారు. రెండు మూడు వారాలకు గాయం మానాక నింపడం మొదలవుతుంది. పోర్టులో అయస్కాంతం ఉంటుంది. డాక్టరు చిన్న అయస్కాంత పరికరాన్ని చర్మం మీద కదిలించి పోర్టు ఎక్కడుందో గుర్తించి, సన్నని సూదితో సెలైన్ ఎక్కిస్తారు. ఒక్కోసారికి సాధారణంగా 50 నుంచి 100 మిల్లీలీటర్లు. వారానికో, రెండు వారాలకో ఒకసారి వెళ్లాలి.

ఒక లెక్క వేసి చూడండి. ఒకామెకు 400 మిల్లీలీటర్ల పరిమాణం కావాలనుకుందాం. ఆపరేషన్ రోజున 150 నింపారు. మిగిలిన 250 మిల్లీలీటర్లను 50 చొప్పున నింపితే ఐదుసార్లు వెళ్లాలి. రెండు వారాలకొకసారి అయితే దాదాపు రెండు నెలలు. అనుకున్న పరిమాణం వచ్చాక కూడా చర్మం కుదురుకోవడానికి కొన్ని వారాలు ఆగి, అప్పుడు రెండో ఆపరేషన్‌లో ఎక్స్‌పాండర్ తీసి ఇంప్లాంటు పెడతారు. మధ్యలో కీమోథెరపీ ఉంటే అది ముగిసి, రక్తకణాల సంఖ్య కోలుకునేదాకా ఈ మార్పిడి ఆగుతుంది.

సూది నొప్పి గురించి అందరూ భయపడతారు. నిజానికి మాస్టెక్టమీ తరువాత అక్కడి చర్మానికి స్పర్శ చాలా తగ్గిపోతుంది గనుక సూది గుచ్చినట్టు కొందరికి తెలియనే తెలియదు. ఇబ్బంది పెట్టేది ఆ తరువాతి బిగుతు. ఛాతీ చుట్టూ పట్టీ బిగించినట్టు ఒకటి రెండు రోజులు ఉంటుంది. ముఖ్యంగా కండరం కింద పెట్టినప్పుడు. ఎక్స్‌పాండర్ ఇంప్లాంటు అంత మెత్తగా ఉండదు. పక్కకు తిరిగి పడుకోవడం కష్టంగా ఉంటుంది. ఈ నెలల్లో "ఇది ఇలాగే ఉండిపోతుందేమో" అని దిగులు పడేవాళ్లున్నారు. ఉండిపోదని వాళ్లకు ముందుగానే చెప్పాలి. మరొక ముఖ్యమైన జాగ్రత్త: పోర్టులో అయస్కాంతం ఉన్న ఎక్స్‌పాండర్ శరీరంలో ఉన్నంతకాలం సాధారణంగా ఎం.ఆర్.ఐ. పరీక్ష చేయకూడదు. తలనొప్పికో నడుంనొప్పికో వేరే ఊళ్లో ఎవరైనా ఎం.ఆర్.ఐ. రాస్తే, ఎక్స్‌పాండర్ ఉన్న సంగతి ఆ టెక్నీషియన్‌కు చెప్పి తీరాలి.

ఈ కాలక్రమానికి బాగా తెలిసిన ఉదాహరణ హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ. ఆమెకు క్యాన్సర్ రాలేదు. బీఆర్‌సీఏ1 అనే జన్యువులో లోపం ఉండడంతో, ముందుజాగ్రత్తగా రెండు రొమ్ములూ తీయించుకున్నానని 2013 మే నెలలో న్యూయార్క్ టైమ్స్‌లో తానే రాసింది. రొమ్ము కణజాలం తీసి తాత్కాలికంగా నింపే సంచులు అమర్చారని, తొమ్మిది వారాల తరువాత ఇంప్లాంట్లతో పునర్నిర్మాణం పూర్తయిందని అందులో వివరించింది. డబ్బుకు, వైద్యానికి లోటులేని మనిషికి, క్యాన్సర్ లేదు గనుక కీమో, రేడియేషన్ అవసరం లేని శరీరానికి పట్టిన కాలం అది. క్యాన్సర్ ఉన్న రోగికి ఇది ఆరునెలలు, ఏడాది కూడా కావచ్చునని గుర్తుంచుకోండి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. చర్మం చిరగకుండా పెరగాలంటే ఒత్తిడి ఎలా ఉండాలి?
2. 500 మిల్లీలీటర్ల ఎక్స్‌పాండర్‌లో ఆపరేషన్ రోజున 200 నింపారు. ఒక్కోసారి 60 చొప్పున నింపితే ఎన్నిసార్లు వెళ్లాలి?

8.4 నేరుగా ఇంప్లాంట్: ఎవరికి?

సిలికాన్ జెల్ ఇంప్లాంటును మొదటిసారిగా 1962లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అనే వైద్యులు అమర్చారు. ఆనాటి మాస్టెక్టమీలో రొమ్ముతోపాటు చాలా చర్మాన్ని తీసేసేవారు. మిగిలిన కొద్దిపాటి చర్మం కింద ఇంప్లాంటు పట్టేది కాదు. ఎక్స్‌పాండర్ అవసరం అలా వచ్చింది. ఇప్పుడు క్యాన్సర్ చర్మానికి అంటని సందర్భాల్లో చర్మాన్ని, కొందరిలో చనుమొనను కూడా ఉంచి, లోపలి కణజాలాన్ని మాత్రమే తీస్తున్నారు. సంచి అలాగే ఉంది, లోపలి సరుకు మాత్రమే తీశారనుకోండి. అందులో మళ్లీ ఏదో ఒకటి నింపడం సులువే గదా. నేరుగా ఇంప్లాంటు పెట్టడం ఇందువల్లనే వీలవుతోంది. అవసరమైతే పశువుల చర్మం నుంచో మనుషులు దానం చేసిన చర్మం నుంచో కణాలు తీసేసి తయారుచేసిన పలుచని షీటును ఇంప్లాంటుకు ఊయలలాగా ఆసరాగా కుడతారు. ఈ షీటు ఖరీదైనది. ఆసుపత్రి అంచనాపత్రంలో దానిని వేరే పద్దుగా చూపిస్తారు.

ఈ పద్ధతిలో లాభం కనబడుతూనే ఉంది. ఒక ఆపరేషన్, ఒక మత్తు, ఒక కోలుకునే కాలం. మత్తు వదిలేసరికి ఛాతీ ఖాళీగా కనబడదు. ఆ మాటకున్న బలం చిన్నది కాదు.

అయితే ఇక్కడ షరతు చర్మం ఎంత మిగిలింది అన్నది ఒక్కటే కాదు, మిగిలిన చర్మానికి రక్తం ఎంత అందుతోంది అన్నది కూడా. రొమ్ము కణజాలాన్ని తీసేటప్పుడు చర్మానికి లోపలి నుంచి వచ్చే రక్తనాళాలు తెగిపోతాయి. అంచుల నుంచి వచ్చే సన్నని నాళాల మీదే ఆ చర్మం బతకాలి. అలాంటి చర్మం కింద 400 గ్రాముల ఇంప్లాంటును ఒక్కసారిగా పెడితే చర్మం బిగుసుకుని ఆ కొద్ది రక్తం కూడా అందకపోవచ్చు. అప్పుడు చర్మం నల్లబడి చచ్చిపోతుంది, కుట్లు విడిపోతాయి, ఇన్ఫెక్షన్ వస్తుంది, చివరికి ఇంప్లాంటు తీసేయవలసి వస్తుంది. ఎక్స్‌పాండర్ అయితే సగం ఖాళీగా ఉంచవచ్చు. చర్మం నల్లబడుతున్నట్టు అనుమానం వస్తే లోపలి సెలైన్ కొంత తీసేయవచ్చు కూడా. ఇంప్లాంటులో ఈ వెసులుబాటు లేదు. రెండు పద్ధతులకూ ఉన్న ముఖ్యమైన తేడా ఇదేనని నా అభిప్రాయం.

చిన్న లేదా మధ్యస్థ పరిమాణం గల రొమ్ములు, మంచి చర్మం, ఇప్పుడున్న పరిమాణమే చాలుననుకునే మనసు, పొగతాగే అలవాటు గాని అదుపులేని మధుమేహం గాని లేకపోవడం — ఇవి ఉన్నవారికి నేరుగా ఇంప్లాంటు కుదరవచ్చు. ఊబకాయం, బాగా జారిన పెద్ద రొమ్ములు, పొగాకు వాడకం ఉన్నవారిలో చిక్కులు పెరుగుతాయి. పొగాకు అంటే సిగరెట్ ఒక్కటే కాదు. చుట్ట, నమిలే పొగాకు కూడా లెక్కలోకి వస్తాయి. నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డపొగ తాగే పెద్దవాళ్లను "పొగ తాగుతారా?" అని అడిగితే సిగరెట్ అనుకుని "లేదు" అనేయవచ్చు. మీరు పక్కన ఉంటే సరిచేయాలి.

పరిశోధనలు ఏమంటున్నాయో కూడా చూద్దాం. నెదర్లాండ్స్‌లో 8 ఆసుపత్రులు కలిసి, ఎవరికి ఏ పద్ధతి అన్నది లాటరీలాగా నిర్ణయించి ఒక అధ్యయనం చేశాయి. ఫలితాలు 2017లో ద లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వచ్చాయి. పంది చర్మం నుంచి చేసిన షీటుతో ఒకే దశలో ఇంప్లాంటు పెట్టినవారిలో 46 శాతం మందికి, రెండు దశల్లో చేసినవారిలో 18 శాతం మందికి శస్త్రచికిత్సకు సంబంధించిన చిక్కులు వచ్చాయి. మళ్లీ ఆపరేషన్ చేయవలసి వచ్చినవారు వరుసగా 37 శాతం, 15 శాతం. ఒకే ఆపరేషన్ అని ఎంచుకున్న వర్గంలో మూడోవంతుకు పైగా మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కారన్నమాట. ఇంకోవైపు ఉత్తర అమెరికాలో 11 కేంద్రాల రోగులను పరిశీలించిన మరో అధ్యయనంలో రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఈ రెండూ పరస్పర విరుద్ధమా? కాకపోవచ్చు. రెండో అధ్యయనంలో లాటరీ లేదు. మంచి చర్మం ఉన్నవారిని, తగినవారిని చూసి వైద్యులే ఒకే దశకు ఎంపిక చేసుకున్నారు. అంటే పద్ధతి కన్నా ఎంపికే ఎక్కువ పనిచేసి ఉండవచ్చు. డచ్ అధ్యయనంలో వాడినది ఒక ప్రత్యేకమైన షీటు. వేరే షీటుతో, అనుభవం ఎక్కువున్న చేతుల్లో ఫలితం వేరుగా ఉండవచ్చు. ఒక అధ్యయనంలోని శాతాన్ని మన ఊరి ఆసుపత్రికి అలాగే అంటగట్టకూడదు. కానీ "ఒకే ఆపరేషన్‌తో అయిపోతుంది" అని ఎవరైనా గట్టిగా హామీ ఇస్తే, దానిని హామీగా కాక ఆశగా మాత్రమే తీసుకోవాలని ఈ అంకెలు చెబుతున్నాయి. కొందరు వైద్యులు రెండూ సిద్ధంగా ఉంచుకుంటారు. రొమ్ము తీసిన తరువాత ఒక రంగుమందును రక్తనాళంలోకి ఎక్కించి, ప్రత్యేకమైన కెమెరాతో చర్మానికి రక్తం అందుతోందా అని చూసి, బాగుంటే ఇంప్లాంటు, అనుమానంగా ఉంటే ఎక్స్‌పాండర్ పెడతారు. ఆమె మత్తులో ఉండగా జరిగే నిర్ణయం ఇది. అందుకే ముందే ఆమె అనుమతి ఉండాలి. "ఇంప్లాంటు అన్నారు, లేచి చూస్తే ఎక్స్‌పాండర్ ఉంది" అని ఎవరూ బాధపడే పరిస్థితి రాకూడదు.

8.5 రేడియేషన్ అనే చిక్కుముడి

ఇప్పటిదాకా చెప్పినదంతా ఒక ఎత్తు, రేడియేషన్ ఒక ఎత్తు.

ఇంప్లాంటు గాని ఎక్స్‌పాండర్ గాని పెట్టగానే శరీరం దాని చుట్టూ ఒక పలుచని పొరను అల్లుకుంటుంది. బయటి వస్తువు ఏది వచ్చినా శరీరం చేసే పనే ఇది; ముల్లు లోపల ఉండిపోతే చుట్టూ గట్టిపడడం మీకు తెలిసినదే. మామూలుగా ఈ పొర మెత్తగా ఉంటుంది. కొందరిలో అది మందమై, ముడుచుకుని, ఇంప్లాంటును పిడికిలిలాగా బిగిస్తుంది. రొమ్ము గట్టిపడి, ఆకారం మారి, నొప్పి పుడుతుంది. దీనిని క్యాప్సులర్ కాంట్రాక్చర్ అంటారు. తీవ్రతను బేకర్ కొలమానంలో ఒకటి నుంచి నాలుగు వరకు చెబుతారు. మూడు, నాలుగు అయితే చాలామందికి మళ్లీ ఆపరేషన్ కావాలి. రేడియేషన్ పడిన రొమ్ములో ఈ బిగింపు, ఇన్ఫెక్షన్, ఇంప్లాంటు తీసేయవలసి రావడం, మూడూ ఎక్కువే. రేడియేషన్ తగిలిన చర్మం సాగే గుణాన్ని చాలావరకు కోల్పోతుంది. కాబట్టి రేడియేషన్ అయిపోయాక కొత్తగా ఎక్స్‌పాండర్ పెట్టి చర్మాన్ని సాగదీయడం కష్టం, ప్రమాదం కూడా.

మాస్టెక్టమీ చేయించుకున్నవారిలో గడ్డ 5 సెంటీమీటర్లకు మించి ఉన్నప్పుడు, చంకలోని లింఫ్ గ్రంథుల్లో నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ గ్రంథులకు క్యాన్సర్ పాకినప్పుడు సాధారణంగా రేడియేషన్ ఇస్తారు. ఒకటి నుంచి మూడు గ్రంథుల్లో ఉన్నప్పుడు కూడా చాలామందికి ఇస్తున్నారు. మనదేశంలో చాలామంది గడ్డ పెద్దదయ్యాకే ఆసుపత్రికి వస్తారు. కాబట్టి మన రోగుల్లో రేడియేషన్ అవసరమయ్యేవారు ఎక్కువగానే ఉంటారు. పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో ఒకే దశ ఇంప్లాంటు గురించి రాసినది చదివేటప్పుడు ఈ తేడాను మనసులో ఉంచుకోండి.

చిక్కు ఇక్కడే ఉంది. రేడియేషన్ కావాలా వద్దా అన్నది చాలాసార్లు ఆపరేషన్‌కు ముందు కచ్చితంగా తెలియదు. తీసిన రొమ్మును, గ్రంథులను పెథాలజీ విభాగం పరీక్షించి నివేదిక ఇచ్చేసరికి వారం పదిరోజులు పడుతుంది. ఏం పెట్టాలన్న నిర్ణయం మాత్రం ఆపరేషన్ రోజునే జరగాలి. తెలియవలసిన సంగతి వెనక, తేల్చవలసిన పని ముందు.

హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో స్టీవెన్ క్రోనోవిట్జ్, ఆయన సహచరులు 2004లో ప్రచురించిన ఉపాయం ఈ చిక్కుకు సంబంధించినదే. రేడియేషన్ పడుతుందేమోనన్న అనుమానం ఉన్నవారికి మాస్టెక్టమీ రోజున చర్మాన్ని నిలబెట్టడానికి ఎక్స్‌పాండర్ పెడతారు. నివేదిక వచ్చేదాకా ఆగుతారు. రేడియేషన్ అవసరం లేదని తేలితే త్వరలోనే అసలు పునర్నిర్మాణం పూర్తిచేస్తారు. అవసరమని తేలితే ఎక్స్‌పాండర్‌లోని నీటిని తగ్గించి రేడియేషన్ ఇస్తారు, తరువాత మళ్లీ నింపి, కొన్ని నెలలకు సొంత కణజాలంతో రొమ్మును నిర్మిస్తారు. ఇక్కడ ఎక్స్‌పాండర్ చేసే పని చర్మాన్ని సాగదీయడం కాదు, సమయాన్ని సంపాదించి పెట్టడం. రిపోర్టు చేతికి వచ్చేదాకా తలుపు మూసుకుపోకుండా అది అడ్డం పెట్టిన పుల్లలాంటిది.

రేడియేషన్ తప్పదని ముందే తెలిసినవారి సంగతి వేరు. వారిలో కొందరికి చదునుగా కుట్టి, రేడియేషన్ ముగిసి చర్మం కోలుకున్నాక ఫ్లాప్ పద్ధతిలో నిర్మించడం మేలని చాలామంది వైద్యుల సలహా. మరికొందరికి ఎక్స్‌పాండర్ పెట్టి, రేడియేషన్‌కు ముందో తరువాతో మార్పిడి చేస్తారు. ఈ రెండింటిలో ఏది మేలన్న విషయంలో వైద్యుల మధ్య ఏకాభిప్రాయం లేదు. ముందే ఇంప్లాంటుకు మారిస్తే అది పోయే ప్రమాదం తక్కువని, బిగింపు ఎక్కువని కొన్ని కేంద్రాల అనుభవం. ఒక్క సంగతిలో మాత్రం అందరిదీ ఒకే మాట: రొమ్ము కోసం క్యాన్సర్ చికిత్స ఆగకూడదు. ఇన్ఫెక్షన్ వచ్చి కీమో గాని రేడియేషన్ గాని వారాలకు వారాలు వెనక్కిపోతే, సంపాదించిన ఆకారానికి ఇచ్చిన వెల చాలా ఎక్కువవుతుంది.

8.6 రెండు వందల కిలోమీటర్ల దూరం

పుస్తకాలు సాధారణంగా వదిలేసే ఒక కోణాన్ని ఇప్పుడు చూద్దాం. ఖమ్మం జిల్లాలో పనిచేసే 46 ఏళ్ల ఉపాధ్యాయురాలు ఒకరున్నారనుకోండి. గడ్డ 3 సెంటీమీటర్లు. చంకలో ఒక గ్రంథి అనుమానంగా ఉంది. రొమ్ములు మధ్యస్థ పరిమాణంలో ఉన్నాయి. మధుమేహం ఉంది, మందులతో అదుపులో ఉంది. చికిత్స హైదరాబాదులో.

వైద్యశాస్త్రం ప్రకారం ఆమెకు ఎక్స్‌పాండర్ వైపు మొగ్గు ఉంటుంది, ఎందుకంటే రేడియేషన్ సంగతి తేలలేదు. కానీ ఖమ్మం నుంచి హైదరాబాదు సుమారు 200 కిలోమీటర్లు. ఐదుసార్లు నింపించుకోవాలంటే రానుపోను 2,000 కిలోమీటర్లు. ప్రతిసారీ తోడు ఒకరు రావాలి. వచ్చినవారికి ఆ రోజు కూలో, జీతమో పోతుంది. దానిపైన రెండో ఆపరేషన్, దాని ఖర్చు, మళ్లీ సెలవు. ఇవన్నీ లెక్కవేసి ఆమె "నాకు ఒకేసారి అయిపోవాలి" అంటే, అది తెలియనితనం అనుకోకండి. ఆమె లెక్క ఆమెది.

అలాగని దారి లేకపోలేదు. కీమో మూడు వారాలకొకసారి ఉంటే, నింపే పనిని కూడా కీమోకు వచ్చిన రోజుకే కలపవచ్చా అని అడగాలి. రక్తపరీక్ష బాగుంటే చాలాచోట్ల వీలవుతుంది. నింపడం పది పదిహేను నిమిషాల పనే. అయినా శుభ్రత విషయంలో కఠినంగా ఉండవలసిన పని కనుక, అలవాటు లేనిచోట దగ్గర గదా అని చేయించుకోకూడదు. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో గాని బీమాలో గాని వైద్యం జరుగుతుంటే, మాస్టెక్టమీ ఒక్కటే వర్తిస్తుందా, ఎక్స్‌పాండర్, ఇంప్లాంటు ధర, రెండో ఆపరేషన్ కూడా వస్తాయా అని మొదటి ఆపరేషన్‌కు ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఎక్స్‌పాండర్ పెట్టించుకుని, మార్పిడికి డబ్బు చాలక ఏళ్ల తరబడి దానినే ఉంచుకోవడం సరికాదు. అది శాశ్వతంగా ఉండడానికి తయారుచేసినది కాదు.

8.7 అమర్చిన తరువాత

ఇంప్లాంటు జీవితాంతం ఉంటుందన్న హామీ ఏ తయారీదారూ ఇవ్వడు. కాలం గడిచేకొద్దీ మార్చవలసి వచ్చే అవకాశం పెరుగుతుంది. సిలికాన్ ఇంప్లాంటు చిరిగినా బయటికి తెలియకపోవచ్చు. అందుకే అమర్చిన ఐదారేళ్లకు ఒకసారి, ఆ తరువాత రెండు మూడేళ్లకొకసారి అల్ట్రాసౌండ్ గాని ఎం.ఆర్.ఐ. గాని చేయించుకోవాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ సూచించింది. పునర్నిర్మించిన రొమ్ముకు మామూలు స్పర్శ తిరిగి రాదు. వేడినీళ్ల సంచి, తాపడం వంటివి అక్కడ పెట్టుకుంటే కాలినా తెలియదు. ఇది మన ఇళ్లలో జరిగే ప్రమాదమే.

ఇంప్లాంటు ఉపరితలం నున్నగా ఉందా, గరుకుగా ఉందా అన్నది కూడా అడగాలి. గరుకు ఉపరితలం ఉన్న వాటి చుట్టూ ఏర్పడే పొరలో అరుదుగా ఒక రకం లింఫోమా వస్తున్నట్టు తేలింది. దీనిని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించింది. ఇది రొమ్ము క్యాన్సర్ కాదు. 2019 జూలైలో అమెరికా నియంత్రణ సంస్థ కోరిక మేరకు ఒక రకం గరుకు ఇంప్లాంట్లను, అదే ఉపరితలం ఉన్న ఎక్స్‌పాండర్లను కూడా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఇప్పటికే అవి ఉండి, ఏ బాధా లేనివారు భయపడి తీయించుకోనక్కరలేదన్నది ఆ సంస్థ సలహా. ఆపరేషన్ అయిన ఏళ్ల తరువాత ఒకవైపు రొమ్ము హఠాత్తుగా వాస్తే మాత్రం వెంటనే చూపించుకోవాలి. ఇంప్లాంటుతో ఇచ్చే కార్డులో తయారీదారు పేరు, రకం, క్రమసంఖ్య ఉంటాయి. రేషన్ కార్డు, ఆధార్ ఉంచే చోటే దాన్నీ ఉంచమని చెప్పండి.

8.8 డాక్టరు గదిలో

చాలామంది డాక్టరు ముందు కూర్చోగానే అడగాలనుకున్నవి మరిచిపోతారు. కాగితం మీద రాసుకుని వెళ్లడంలో నామోషీ ఏమీ లేదు. ముందుగా అడగవలసింది: "నాకు రేడియేషన్ పడే అవకాశం ఎంత?" దీనికి వచ్చే జవాబు మిగిలిన ప్రశ్నలన్నిటినీ మారుస్తుంది. తరువాత, "నా చర్మం, నా చక్కెర, నా బరువు చూస్తే నేరుగా ఇంప్లాంటు పెట్టడం మీకు ధైర్యంగా ఉందా?" అని, "ఆపరేషన్ మధ్యలో మీ మనసు మారితే ఏం చేస్తారు?" అని అడగవచ్చు. ఆ డాక్టరు ఏటా ఇలాంటివి ఎన్ని చేస్తారు, వాటిలో ఎందరికి మళ్లీ ఆపరేషన్ అయింది అని అడగడం అమర్యాద కాదు. అనుభవమున్న డాక్టరు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. అన్నిటికన్నా ముందు ఆమెను విడిగా కూర్చోబెట్టి, భర్త, అత్తగారు, పిల్లలు పక్కన లేనప్పుడు, "నీకేం కావాలమ్మా?" అని ఒకసారి అడగాలి. నలుగురిలో "నాకెందుకులే" అన్న మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు వేరే మాట చెప్పవచ్చు.

కృత్యం

8.6లోని ఉపాధ్యాయురాలి స్థానంలో ఈ కింది ఇద్దరినీ ఊహించుకుని, ఒక్కొక్కరికి ఏ పద్ధతి వైపు మొగ్గు ఉంటుందో, ఎందుకో అర పేజీలో రాయండి.

1. హైదరాబాదులోనే నివసించే 38 ఏళ్ల మహిళ. గడ్డ ఒకటిన్నర సెంటీమీటర్లు. గ్రంథుల్లో క్యాన్సర్ జాడ లేదు. చిన్న రొమ్ములు, మధుమేహం లేదు, పొగాకు అలవాటు లేదు. ఉన్న పరిమాణమే చాలునంటోంది.

2. శ్రీకాకుళం జిల్లాకు చెందిన 55 ఏళ్ల మహిళ. గడ్డ 6 సెంటీమీటర్లు. గ్రంథులకు పాకింది. అడ్డపొగ అలవాటు ఉంది. రొమ్ము కావాలని ఉంది గాని, కోడలి ముందు ఆ మాట అనలేకపోతోంది.